పట్టాకు కాదు, పనిచేసే మనిషికి!

2025 అక్టోబరులో హైదరాబాద్ రాయదుర్గంలో ప్రభుత్వం భూమిని వేలం వేసింది. ఎకరం 177 కోట్ల రూపాయలు పలికింది. అదే సంవత్సరం జనవరి 26న అదే ప్రభుత్వం భూమిలేని వ్యవసాయ కూలి కుటుంబానికి ఏడాదికి 12 వేల రూపాయలిచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పథకాన్ని ప్రారంభించింది. ఈ రెండు లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. రాయదుర్గంలో ఒక్క ఎకరం ధర లక్షా 47 వేల 500 కూలి కుటుంబాల ఏడాది భరోసాతో సమానం!

పన్నెండు వేలంటే నెలకు వెయ్యి రూపాయలు. రోజుకు 33. నలుగురున్న ఇంట్లో తలకు ఎనిమిది రూపాయలు. హైటెక్ సిటీ ఫుట్‌పాత్ మీద ఆ ఎనిమిది రూపాయలకు కప్పు చాయ్ కూడా రాదు. పోనీ, ఆ ఎనిమిది రూపాయలైనా సక్రమంగా అందరికీ అందుతాయా అంటే, దానికీ సవాలక్ష షరతులు.

మన రాష్ట్రంలో పేదరికం తగ్గించడానికి డబ్బు ఖర్చు కావడం లేదని ఎవరూ అనలేరు. పథకాల పేర్లు చదవడానికే ఒక పూట పడుతుంది. కాని ఆ డబ్బు మనిషిని వెతుక్కుంటూ రావడం లేదు. పట్టాను వెతుక్కుంటూ వస్తోంది, కార్డును వెతుక్కుంటూ వస్తోంది, చిరునామాను వెతుక్కుంటూ వస్తోంది. ఈ మూడూ సరిగా లేనివాడే అందరికన్నా పేదవాడు. సైబరాబాద్ మేడలు కట్టినవాడు సరిగ్గా అతడే. అందుకే ఐటీ కారిడార్ సంగతి పల్లెల్లోని వ్యవసాయ కార్మికులకు పరాయి సంగతి కాదు. అది మన సంగతే.

ఊళ్లు పోయాయి, కూలీ లెక్కలోకి రాలేదు

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అప్పటికి మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ, కోకాపేట, పుప్పాలగూడ, మణికొండ అన్నీ రంగారెడ్డి జిల్లా పల్లెలే. చెరువు కింద వరి, మెట్టలో జొన్న, బండల మధ్య మేకలు, గొర్రెలు. ఈ మధ్య చెట్ల నరికివేత మీద గొడవ జరిగి, 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కంచ గచ్చిబౌలి పేరే చూడండి. కంచ అంటే పశువులు మేసే బీడు. ఊరి పేరులో ఇంకా పచ్చిక ఉంది, ఊళ్లో పశువులే లేవు.

భూములకు ధర వచ్చినప్పుడు పట్టాదారుకు ఎంతో కొంత దక్కింది. అసైన్డ్ భూమి ఉన్నవాడికి చాలాచోట్ల అరకొర దక్కింది. ఆ పొలాల్లో తరతరాలుగా నాట్లు వేసి, కలుపు తీసి, కోతలు కోసిన కూలీకి ఏం దక్కింది? ఏమీ దక్కలేదు. ఎందుకంటే 1894 నాటి తెల్లవాడి భూసేకరణ చట్టానికి భూమి మీద హక్కు ఉన్నవాడే కనిపించేవాడు, భూమి మీద చెమట కార్చినవాడు కనిపించేవాడు కాదు. ఈ కారిడార్‌లో సింహభాగం ఆ చట్టం ఉన్న రోజుల్లోనే లేచింది.

ఎన్నో పోరాటాల తరువాత 2013లో వచ్చిన కొత్త భూసేకరణ చట్టం మొదటిసారి ఈ తప్పును కొంత దిద్దింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద బతుకుతున్న వ్యవసాయ కూలీని, కౌలుదారును, చేతివృత్తి మనిషిని కూడా బాధిత కుటుంబంగా గుర్తించింది. ఉద్యోగం ఇవ్వాలి, లేదా 5 లక్షలు ఒకేసారి ఇవ్వాలి, లేదా నెలకు 2 వేల రూపాయల చొప్పున 20 ఏళ్లు ఇవ్వాలి అని షెడ్యూలులో రాసింది. చట్టం ఇలా ఉండగానే తెలంగాణ ప్రభుత్వం 2015లో 123 నెంబరు జీవో తెచ్చి, పట్టాదారుతో నేరుగా బేరం కుదుర్చుకునే దారి వేసుకుంది. ఆ బేరంలో కూలీ ఊసే లేదు. జహీరాబాద్ ప్రాంతపు వ్యవసాయ కూలీలు హైకోర్టుకెళ్లారు. 2016 ఆగస్టు 3న హైకోర్టు ఆ జీవోను కొట్టివేసింది. తర్వాత అప్పీలు దశలో, భూమిలేని కూలీలకూ చేతివృత్తుల వారికీ సహాయం ఇస్తామని ప్రభుత్వం చెప్పక తప్పలేదు. సెంటు భూమి లేని కూలీలు ప్రభుత్వాన్ని కోర్టుకు లాగి, మేమూ ఉన్నామని ఒప్పించిన సందర్భమిది. దీన్ని మనం మరవకూడదు.

మేడ కట్టినవాడు ఎక్కడివాడు?

పాలమూరు లేబర్ అన్న మాట వినని తెలుగువాడు లేడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మహబూబ్‌నగర్ జిల్లా కూలీ అక్కడ ఉన్నాడు. వానలు వెనక్కి పోయి ఊళ్లో పని తగ్గగానే గుంపు మేస్త్రీ దిగుతాడు. అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ డబ్బు కూతురి పెళ్లికో, ఆస్పత్రికో, షావుకారు బాకీకో పోతుంది. ఇక ఆలుమగలిద్దరూ ఆ బాకీ తీరేదాకా మేస్త్రీ చెప్పినచోట, చెప్పిన రేటుకు పనిచేయాలి. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. చట్టం పుస్తకంలో ఉంది, అడ్వాన్సు కూలీ చేతిలో ఉంది.

జూరాల, కల్వకుర్తి నీళ్లు పారినచోట వలస కొంత తగ్గింది. నీళ్లు రానిచోట ఇంకా బస్సులు నిండుతూనే ఉన్నాయి. ఆ బస్సులు ఇప్పుడు దూరపు ఆనకట్టలకే కాదు, కోకాపేటకూ నార్సింగికీ కూడా వస్తున్నాయి. పాలమూరుతోపాటు విజయనగరం, శ్రీకాకుళం నుంచీ ఒడిశా, బీహార్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్ నుంచీ వస్తున్నారు. లింగంపల్లి, మియాపూర్ అడ్డాల్లో తెల్లారేసరికి టిఫిను డబ్బా పట్టుకుని నిలబడేవాళ్లలో ఎక్కువమంది నిన్నమొన్నటి వ్యవసాయ కూలీలే. పది దాటితే ఆ రోజు పని లేనట్టే. పని లేకపోతే ఆ రోజు కూలి లేదు, గది కిరాయి మాత్రం ఆగదు.

2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రామ్‌గూడలో కడుతుండగానే ఏడంతస్తుల భవనం కూలిపోయింది. అందులోనే కాపురముంటున్న కూలీలు శిథిలాల కింద పడ్డారు. పదకొండు మంది చనిపోయారు. వారిలో విజయనగరం జిల్లా నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన వారున్నారు. సాఫ్ట్‌వేర్ కంపెనీల అద్దాల మేడలకు కూతవేటు దూరంలో జరిగింది ఇది. ఉత్తరాంధ్ర పల్లెలో పని దొరక్క వచ్చినవాడికి ఇక్కడ ఉండడానికి గది లేదు. తాను కడుతున్న గోడలే అతనికి ఇల్లు, అవే అతనికి సమాధి అయ్యాయి.

తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారమే 2022-23లో రాష్ట్రం నుంచి ఐటీ ఎగుమతులు 2 లక్షల 41 వేల 275 కోట్లు. ఆ రంగంలో ఉద్యోగాలు 9 లక్షలు దాటాయి. ఈ సంపదను మనం కాదనడం లేదు. చదువుకున్న మన పిల్లలకు ఉద్యోగాలు రావడం మంచిదే. మేము అడిగేది ఒక్కటే: ఆ మేడ పునాది తవ్వినవాడికి, దాన్ని రోజూ ఊడ్చే ఆడమనిషికి, గేటు దగ్గర రాత్రంతా నిలబడే వాచ్‌మన్‌కు ఈ సంపదలో వాటా ఏ దారిన వస్తుంది?

నాలుగు గేట్లు, నాలుగూ మూతే

కూలీ కుటుంబం సహాయం కోసం తట్టే గేట్లు నాలుగున్నాయి.

మొదటిది పట్టా గేటు. 2018 మే 10న మొదలైన రైతుబంధు పథకం ఎకరానికి ఒక సీజనుకు 4 వేలు, ఆ తరువాత 5 వేల చొప్పున ఇచ్చింది. భూమికి పరిమితి పెట్టలేదు. రెండెకరాల రైతుకు ఏడాదికి 20 వేలు వస్తే, యాభై ఎకరాల ఆసామికి 5 లక్షలు. ఆ ఆసామి దున్నుతున్నాడా, కౌలుకిచ్చాడా, అమెరికాలో ఉంటున్నాడా అని ఎవరూ అడగలేదు. దున్నిన కౌలుదారుకు పైసా లేదు, కూలీ పేరే లేదు. 2025లో రైతు భరోసాగా మార్చినప్పుడు లేఅవుట్లను, గుట్టలను, గనుల భూములను తీసివేశారు. అంటే అంతకుముందు వాటికీ డబ్బు పోయిందని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు. కేంద్రం ఏడాదికి 6 వేలిచ్చే పి.ఎం. కిసాన్‌కు కూడా భూమి కాగితమే ఆధారం. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో సాగుదారులు సుమారు 31 లక్షలు, వ్యవసాయ కూలీలు సుమారు 59 లక్షలు. అంటే వ్యవసాయం మీద బతికే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఈ గేటు తెరుచుకోదు.

రెండోది ఉపాధి కార్డు గేటు. ఆత్మీయ భరోసా రావాలంటే 2023-24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలన్నారు. ఆ ఏడాది కోకాపేటలో ఇటుకలు మోసిన పాలమూరు దంపతులు ఊళ్లో 20 రోజులు మట్టి ఎలా తవ్వుతారు? ఊళ్లో పని లేకనే కదా వలస పోయింది! అందరికన్నా గతిలేనివాడిని వడగట్టి బయటపడేసే జల్లెడ ఇది. పైగా ఉపాధి హామీ పల్లెలకే పరిమితం. 2024లో ఔటర్ రింగురోడ్డు లోపల 51 గ్రామ పంచాయతీలను మునిసిపాలిటీల్లో కలిపారు. ఊరు అదే, కూలీ అతడే. ఆఫీసు మీద బోర్డు మారింది, ఉపాధి కార్డు చెల్లని కాగితమైంది.

మూడోది 90 రోజుల గేటు. 1996 నాటి చట్టం ప్రకారం భవన నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి ఖర్చు చేయాలి. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ ఆ చట్టాన్ని తనలో కలుపుకున్నా సెస్సు ఉంది. కాని బోర్డులో పేరు ఎక్కాలంటే గడచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. అడ్డా మీద రోజుకొక యజమాని దగ్గర పనిచేసేవాడికి ఎవరు సంతకం పెడతారు? ఫలితమేమిటో 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. దేశం మొత్తం మీద వసూలైన సెస్సు 37,400 కోట్లకు పైగా, కార్మికుల పేర ఖర్చయింది సుమారు 9,500 కోట్లు. ఆ ఖర్చులో కూడా లాప్‌టాప్‌లు, వాషింగ్ మెషీన్లు ఉన్నాయని కోర్టు ఆశ్చర్యపోయింది. రేకుల షెడ్డులో బకెట్టు నీళ్లకు లైను కట్టే ఆడకూలీకి వాషింగ్ మెషీను!

నాలుగోది చిరునామా గేటు. ఆధార్ కార్డు మీద ఊరి పేరు ఒకటి, బతికేది ఇంకొక చోట. విజయనగరం నుంచి వచ్చి గచ్చిబౌలి అపార్ట్‌మెంట్లలో అంట్లు తోమే ఆమె తెలంగాణ ఆర్టీసీ బస్సెక్కితే టికెట్టు కొనాల్సిందే, ఆమె కార్డు ఆంధ్రది కాబట్టి. ఊళ్లో ఉంటే అక్కడి పథకం, ఇక్కడ ఉంటే ఇక్కడి పథకం రావాలి కదా. రెండూ రావు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే.

ఈ నాలుగు గేట్లకు తోడు కూలి రేటు సంగతి ఒకటుంది. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నిర్మాణ పనులు, సెక్యూరిటీ సర్వీసులు సహా ఐదు రంగాలకు కనీస వేతనాలు సవరిస్తూ జీవోలు ఇచ్చింది. గెజిట్‌లో మాత్రం అచ్చు వేయలేదు. అచ్చు కాకపోతే అమలు లేదు. ఉన్న జీవోను అచ్చు వేయించుకోవడానికి హైకోర్టు మెట్లెక్కవలసి వచ్చింది. అమ్మ పెట్టదు, అడుక్కుతిననివ్వదు!

2020 నేర్పిన పాఠం

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పెట్టినప్పుడు ఈ వ్యవస్థ గుట్టు రట్టయింది. ములుగు జిల్లాలో మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన పన్నెండేళ్ల బాలిక, అడవిదారిన మూడు రోజులు ఇంటికి నడుస్తూ, ఇల్లు ఇంకొంత దూరముందనగా ప్రాణం విడిచింది. ఏప్రిల్ 29న సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ భవనాలు కడుతున్న కూలీలు జీతాలివ్వండి, ఇళ్లకు పంపండి అని రోడ్డెక్కారు. మే 1న తెల్లవారుజామున లింగంపల్లి స్టేషను నుంచి సుమారు 1,200 మందితో జార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. లాక్‌డౌన్‌లో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే. మేడే నాడు, ఐటీ కారిడార్ పక్క స్టేషను నుంచి!

ఆ రోజుల్లో తెలంగాణ ప్రభుత్వం వలస కూలీలకు తలకు 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చింది. చాలినంత కాదు, అందరికీ అందలేదు. కాని ఒక్క విషయం గమనించండి. ఊరేది, కార్డేది అని చూడకుండా మనిషిని చూసి ఇవ్వవచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది. కష్టకాలంలో సాధ్యమైనది మామూలు రోజుల్లో ఎందుకు సాధ్యం కాదు?

మనిషిని చూసి ఇచ్చిన పథకమే నిలిచింది

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు ఖజానా మునిగిపోతుందని పెద్దమనుషులు గగ్గోలు పెట్టారు. మునగలేదు. కూలి ఇంట గంజికి బదులు అన్నం ఉడికింది. ఆ తరువాత ఎన్ని ప్రభుత్వాలు మారినా చౌక బియ్యాన్ని ఎత్తివేసే ధైర్యం ఎవరికీ రాలేదు. ఎందుకు? జనంలో ఎక్కువమందికి అందిన పథకాన్ని జనమే కాపాడుకుంటారు. 2023 డిసెంబరు 9న మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సు సంగతీ అంతే. చిరునామా లోటు ఉన్నా, దానికి పట్టా అడగలేదు, 20 రోజుల హాజరు అడగలేదు. పల్లె నుంచి పట్నానికి పనికొచ్చే కూలి ఆడవాళ్లకు ఆ చార్జీలు చేతిలో మిగిలాయి.

ఉపాధి హామీ కూడా అలాంటిదే. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఆ పథకంలో, పని అడిగిన పల్లె మనిషికి పని ఇవ్వడం చట్టం. ఊళ్లో కూలి రేటు పెరగడానికి అది ఆసరా అయింది. 2025 డిసెంబరులో కేంద్రం ఆ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. 125 రోజులని ఊరించి, ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టింది. వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల దాకా పనులు ఆపే వీలు పెట్టింది. నాట్ల కాలంలో ఉపాధి పని ఆగితే ఎవరికి లాభం? ఆసామి చెప్పిన రేటుకే కూలీ పోవాలి. రోజులు పెరిగాయని సంబరపడేముందు ఈ మెలిక అర్థం చేసుకోవాలి.

కేరళ వైపు చూడండి. వ్యవసాయ కార్మికులకు పింఛను అక్కడ 1980లోనే వచ్చింది. 2010 నుంచి అయ్యంకాళి పేర పట్టణ పేదలకూ 100 రోజుల ఉపాధి పథకం నడుస్తోంది. అతి పేద కుటుంబాలు 64,006 అని వార్డు వార్డునా గుర్తించి, ఒక్కో కుటుంబానికి ఒక్కో ప్రణాళిక వేసి, 2025 నవంబరు 1న కటిక పేదరికం లేని రాష్ట్రంగా ప్రకటించుకున్నారు. ఆ ప్రకటన మీద వాదాలుండవచ్చు. కాని పేదవాడే ఆఫీసు చుట్టూ తిరగాలన్న పద్ధతిని తిరగేసి, ఆఫీసునే పేదవాడి గుమ్మం దగ్గరకు పంపిన పద్ధతి మాత్రం నేర్చుకోదగినది.

డబ్బెక్కడిది అంటారా?

ఈ ప్రశ్న ఎప్పుడూ కూలీ విషయంలోనే వస్తుంది. ఫ్లైఓవరుకు రాదు.

1972 కరువులో మహారాష్ట్ర పల్లెలు ఎండిపోయాయి. కూలి జనం పోరాడి ఉపాధి హామీ పథకం సాధించారు. 1977లో అక్కడి శాసనసభ దాన్ని చట్టం చేసింది. దానికి డబ్బు ఎక్కడ నుంచి తెచ్చారు? బొంబాయి వంటి పట్టణాల్లో జీతగాళ్ల మీద, వృత్తులు చేసేవారి మీద వృత్తిపన్ను వేశారు. ప్రభుత్వం తన వంతు కలిపింది. నగరంలో పుట్టిన ఆదాయంలో పిసరంత కరువు పల్లె కూలీకి హక్కుగా చేరింది. యాభై ఏళ్ల కిందట బొంబాయి చేయగలిగినది ఇవాళ సైబరాబాద్ చేయలేదా?

కోకాపేటలో 2023 ఆగస్టులో ఎకరం 100 కోట్లు దాటింది. రెండేళ్లకు రాయదుర్గంలో 177 కోట్లకు చేరింది. ఈ ధర ఎవరి కష్టం వల్ల పెరిగింది? ప్రజల సొమ్ముతో వేసిన రోడ్లు, తెచ్చిన నీళ్లు, కూలీలు కట్టిన కట్టడాల వల్ల. అలాంటప్పుడు ప్రభుత్వ భూముల అమ్మకం మీద, భారీ రిజిస్ట్రేషన్ల మీద వచ్చే రాబడిలో నిర్ణీత భాగాన్ని శ్రామికుల నిధిగా చట్టబద్ధంగా వేరు చేయాలి. భూమి ఒకసారే అమ్ముడుపోతుంది, ఆ డబ్బు మీద మాత్రమే ఆధారపడితే పథకం నిలవదు. కనుక ఏటేటా వచ్చే పన్నునూ దీనికి జోడించాలి.

సోమరులవుతారన్న పాత పాట

ఊరికే డబ్బిస్తే కూలోళ్లు పనికి రారని కొందరు ఆసాములంటారు. మరి రైతుబంధు తీసుకున్న పెద్ద ఆసామి సోమరి అయ్యాడా అంటే పలకరు. మధ్యప్రదేశ్‌లో 2011లో ‘సేవ’ మహిళా సంఘం ఎనిమిది పల్లెల్లో ప్రతి పెద్ద మనిషికి నెలకు 200, ప్రతి పిల్లకు 100 రూపాయలు షరతు లేకుండా ఇచ్చి చూసింది. తరువాత మొత్తాన్ని కొంచెం పెంచింది. జనం పని మానలేదు. విత్తనాలు, మేకలు కొన్నారు, బాకీలు తగ్గించుకున్నారు, పిల్లల్ని బడికి పంపారు. సొంత చెక్కలో ఆడవాళ్లు మరింత పనిచేశారు.

మారేది ఒకటుంది. అదే ఆసాముల అసలు భయం. నెల నెలా చేతిలో కాస్త డబ్బున్న కూలీ మేస్త్రీ అడ్వాన్సు ముందు తల వంచడు. రేటు చాలకపోతే రేపొస్తాలే అనగలడు. కూలీ ఇంట్లో పిండి డబ్బా ఖాళీగా ఉన్నంతకాలమే ఎదుటివాడి బేరం నెగ్గుతుంది. కనుక ఆదాయ సహాయం దానధర్మం కాదు, కూలి పోరాటానికి కాళ్ల కింద నేల.

అయితే ఒక హెచ్చరిక. నగదు ఇచ్చాం కదా అని రేషను, ఆస్పత్రి, బడి, ఉపాధి పని, కనీస వేతనం కోయడానికి పాలకులు చూస్తారు. దాన్ని సాగనివ్వరాదు. ఇల్లు ఇచ్చి పైకప్పు పీకినట్టు కాకూడదు. భూమి పంపిణీ డిమాండు కూడా దీనితో తీరిపోదు.

రైతుకూ కూలీకీ తగవు పెట్టొద్దు

మా మాటను వక్రీకరించేవారుంటారు కనుక స్పష్టంగా చెబుతున్నాం. సన్నకారు, చిన్నకారు రైతుకు వచ్చే సాయంలో పైసా కోయనక్కరలేదు. రెండెకరాల రైతు ఏడాదిలో సగం రోజులు తానూ కూలీయే. కోత పడవలసింది పదుల ఎకరాల పట్టాల మీద, దున్నని పట్టాల మీద. కౌలుదారును రైతుగా గుర్తించాలి. 2011లో సాగుదారుల గుర్తింపు చట్టం వచ్చినా, 2025 జనవరిలో రైతు భరోసా మొదలైనప్పుడు కౌలు రైతు బయటే ఉన్నాడు.

అలాగే బయట రాష్ట్రాల కూలీ మీద కోపం పెంచేవారున్నారు. ఇవాళ తెలంగాణ పొలాల్లో బీహార్ కూలీలు వరినాట్లు వేస్తున్నారు. మన పాలమూరు కూలీ పరాయి రాష్ట్రంలో మట్టి మోస్తున్నాడు. బీహారు మనిషి మన నోటి ముద్ద లాక్కోవడానికి రాలేదు, వాడి ఊళ్లోనూ ఇదే గతి. వాడికి తక్కువ కూలి ఇస్తే పడిపోయేది మన రేటే. పథకం పనిచేసే చోట వర్తించాలని మేమనడానికి ఇదే కారణం.

మన డిమాండ్లు, మన పని

ఒకటి: భూమిలేని ప్రతి శ్రామిక కుటుంబానికి, పల్లెలో ఉన్నా బస్తీలో ఉన్నా, నెల నెలా ఆదాయ భరోసా. సీజను మొదట్లో ఒకసారి ఇస్తే పట్టాదారు విత్తనాలకు సరిపోతుంది. కూలీ పస్తులుండేది పని లేని నెలల్లో. మొత్తాన్ని ధరల సూచీతో ముడిపెట్టాలి. 20 రోజుల షరతు ఎత్తివేయాలి. రెండు: మునిసిపాలిటీల్లో కూడా చట్టబద్ధ ఉపాధి హామీ. మూడు: అడ్డాల దగ్గరే నమోదు కేంద్రాలు, 90 రోజుల పనికి కార్మికుడి స్వంత ప్రకటన, సంఘం ధ్రువీకరణ చాలు. నాలుగు: కనీస వేతనాలను కాలానుగుణంగా సవరించి, వెంటనే గెజిట్‌లో ప్రకటించడం. ఐదు: రేషను, పింఛను, బస్సు పనిచేసే చోటే దక్కాలి. 2019 ఆగస్టులోనే ఆంధ్ర, తెలంగాణల మధ్య రేషను పోర్టబిలిటీ మొదలైంది కదా, మిగతావాటికి అడ్డేమిటి?

ఇవి వాటంతటవే రావు. కార్యకర్తలు వెంటనే చేయదగిన పని ఉంది. ప్రతి గ్రామంలో వలసపోయిన కుటుంబాల జాబితా రాయండి. ఎవరు, ఏ నెలలో, ఏ మేస్త్రీ కింద, ఎంత అడ్వాన్సుతో, ఎక్కడికి పోయారో రాయండి. దాన్ని గ్రామసభలో చదివి, మినిట్సులో ఎక్కించండి. ఆత్మీయ భరోసా తిరస్కరించిన వారి దరఖాస్తులన్నీ కలిపి మండలాఫీసులో ఒకేసారి ఇవ్వండి. అదే జాబితా కాపీని లింగంపల్లి, మియాపూర్ అడ్డాల్లో పనిచేసే నిర్మాణ కార్మిక సంఘాలకు పంపండి. ఊళ్లో పేరు, అడ్డాలో మనిషి ఒక్కడేనని రుజువు చేసే కాగితం ప్రభుత్వం దగ్గర లేదు. దాన్ని మనమే తయారుచేయాలి. ఆ కాగితం చేతిలో ఉన్న రోజున, నువ్వు మా పరిధిలోకి రావని ఏ ఆఫీసరూ కూలీని పంపించివేయలేడు.